తీసుకెళ్లారు సరే, కాగితమేదీ?

చట్టంతో పని: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అరెస్టు, జైలు కాగితాల గురించే. ఎవరిని అడగాలి, ఏమని అడగాలి, ఎంతవరకు ఇస్తారు అని. ముందుగా ఒక మాట. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. ఆర్టీఐ అని విడిగా రాసినచోట తప్ప, కింద చెప్పిన సెక్షన్లన్నీ ఈ సంహితవే. పాత నంబరు రాసినంత మాత్రాన అర్జీ చెల్లకుండా పోదు గానీ, కౌంటర్ దగ్గర తిప్పి పంపడానికి ఒక సాకు దొరుకుతుంది. అదెందుకు ఇవ్వాలి?

ప్రశ్న: రాత్రి పదకొండింటికి మఫ్టీలో నలుగురొచ్చి మా తమ్ముణ్ణి కారెక్కించుకుపోయారు. దగ్గర్లో ఉన్న స్టేషన్‌కి పోతే "మేం తేలేదు" అంటున్నారు. ఇలాంటప్పుడు మనిషి ఎక్కడున్నాడో చెప్పే రికార్డు ఏదైనా ఉంటుందా? ఆర్టీఐ వేస్తే చెప్తారా?
– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆర్టీఐ జోలికి పోకండి. ఇది గంటల్లో తేలాల్సిన వ్యవహారం.

"మేం తేలేదు" అన్నది నిజమే కావచ్చు. మన నగరంలో మనిషిని తీసుకెళ్లేది ప్రతిసారీ లోకల్ స్టేషన్ వాళ్లే కాదు. టాస్క్‌ఫోర్స్, ఎస్‌ఓటీ (ప్రత్యేక ఆపరేషన్ల బృందం), సీసీఎస్ (సెంట్రల్ క్రైం స్టేషన్), సైబర్ క్రైమ్, ఒక్కోసారి బయటి రాష్ట్రం పోలీసులు కూడా వస్తారు. టాస్క్‌ఫోర్స్ లాంటి బృందాలు పట్టుకున్న మనిషిని తర్వాత కేసు ఉన్న స్టేషన్‌కి అప్పగిస్తాయి. ఆ అప్పగింతకు ముందు గంటల్లోనే మనిషి ఏ కాగితం మీదా కనపడడు. ఇంట్లోవాళ్లు ఎక్కువగా తిరిగేదీ ఆ గంటల్లోనే.

మొదట 112కి ఫోన్ చేయండి. ఎవరు, ఎక్కణ్ణుంచి, ఎన్ని గంటలకు, ఏ బండిలో తీసుకెళ్లారో చెప్పండి. పోలీసులు కాకపోతే అది కిడ్నాప్ ఫిర్యాదు అవుతుంది. పోలీసులే అయితే మీరు ఆ వేళకే అడిగారన్నదానికి టైముతో సహా రికార్డు మిగులుతుంది. ఆ తర్వాత స్టేషన్లో "మా తమ్ముడున్నాడా" అని కాకుండా "సెక్షన్ 37 కింద అరెస్టుల వివరాలు చూసే అధికారి ఎవరు" అని అడగండి. ప్రతి స్టేషన్లోనూ, ప్రతి జిల్లాలోనూ ఏఎస్సైకి తగ్గని హోదా ఉన్న ఒక అధికారి ఈ పనికి ఉండాలి. అరెస్టయినవారి పేరు, చిరునామా, నేరం ఏ రకందో స్టేషన్లోనూ జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనపడేలా పెట్టాలి. బోర్డు మీద రాసినా సరే, డిజిటల్‌గా చూపినా సరే. సెక్షన్ 48 ప్రకారం బంధువుకో స్నేహితుడికో వెంటనే కబురు చేసి, ఎవరికి చెప్పారో స్టేషన్ పుస్తకంలో రాయాలి.

"విచారణకు పిలిచాం అంతే" అనే మాటతో జాగ్రత్త. "అరెస్టు చేశారా, 35(3) నోటీసు ఇచ్చారా?" అని అడగండి. అరెస్టు లేకుండా హాజరుకమ్మనే ఈ నోటీసు మీద వచ్చినవాడు సాయంత్రానికి ఇంటికి రావాలి. రానివ్వకపోతే దాన్ని ఏ పేరుతో పిలిచినా నిర్బంధమే.

అదే రాత్రి ఎస్‌హెచ్ఓ (స్టేషన్ అధికారి), ఏసీపీ, డీసీపీ, కమిషనర్‌ల ఈమెయిళ్లకు, అధికారిక వాట్సాప్ నంబర్లకు ఒకే సందేశం పంపండి. నాలుగు వాక్యాలు చాలు: పేరు, వయసు, తండ్రి పేరు, తీసుకెళ్లిన సమయం, స్థలం, బండి రంగు, నంబరు తెలిస్తే నంబరు, ఆరోగ్య సమస్యలుంటే వాడే మందులు. వాదనలు, ఆరోపణలు అందులో వద్దు. ఎదురుగా ఉన్న షాపు సీసీ కెమెరా ఫుటేజీని తెల్లారకముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. చిన్న షాపుల డీవీఆర్‌లలో పాతది త్వరగా చెరిగిపోతుంది.

అరెస్టు చేసినవాళ్లు 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ప్రయాణ సమయం ఇందులో లెక్కకు రాదు. రాజ్యాంగం 22వ అధికరణం, సెక్షన్ 58 చెప్పేది ఇదే. కాబట్టి మరుసటి రోజు ఒక వకీలును కోర్టు దగ్గర ఉంచండి. నగర స్టేషన్ల కేసులైతే చాలావరకు నాంపల్లి క్రిమినల్ కోర్టులు. మిగతావి స్టేషన్‌ను బట్టి కూకట్‌పల్లి, ఎల్బీనగర్, మల్కాజిగిరి వైపు. సెలవు రోజైనా, రాత్రి పొద్దుపోయినా మేజిస్ట్రేటు ఇంటి దగ్గరే రిమాండ్ జరిగిపోతుంది. ఆ సంగతి ముందు తెలిసేది కోర్టు డ్యూటీ కానిస్టేబుల్‌కే. 24 గంటలు దాటినా జాడ లేకపోతే హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు పెట్టించమనే పిటిషన్. ఆ పిటిషన్‌కు బలం మీరు రాత్రి పంపిన ఆ నాలుగు వాక్యాలే.

వకీలుకు డబ్బులేకపోతే 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు.

ప్రశ్న: మా మేనల్లుడి మీద కేసు పెట్టారని విన్నాం. ఎఫ్ఐఆర్ నకలు అడిగితే "ఫిర్యాదు చేసినవాళ్లకే ఇస్తాం" అన్నారు. నిజమేనా?
– పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సగమే నిజం. ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలన్నది సెక్షన్ 173. నిందితుడికీ హక్కుందని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో తేల్చింది. నిందితుడో, అతని తరఫు మనిషో అర్జీ పెట్టి తగిన రుసుము కడితే 24 గంటల్లో నకలివ్వాలి. కోర్టులో అడిగితే రెండు పనిదినాల్లో రావాలి.

అసలు స్టేషన్‌కి వెళ్లకముందే తెలంగాణ పోలీసు వెబ్‌సైట్‌లో చూడండి. నమోదైన 24 గంటల్లో ఎఫ్ఐఆర్ అక్కడ పెట్టాలి. నెట్ ఇబ్బంది ఉంటే 48 గంటలు, ఎంత ఆలస్యమైనా 72 గంటలు. వెతికేటప్పుడు జరిగే పొరపాట్లు ఎప్పుడూ ఇవే: కమిషనరేట్ తప్పు ఎంచుకోవడం, ఉండే ఇంటి స్టేషన్ పెట్టి ఘటన జరిగిన స్టేషన్ వదిలేయడం, డిసెంబరు ఆఖరి కేసుకు కొత్త సంవత్సరం వేయడం. మన చుట్టూ కమిషనరేట్ల హద్దులు మారుతూ వచ్చాయి కనుక స్టేషన్ పేరు దొరక్కపోతే పక్క కమిషనరేట్ జాబితాలోనూ చూడండి.

అన్నీ సరిచూసినా కనపడకపోతే అది సున్నితమైన కేసు కింద ఆపి ఉండొచ్చు. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాద కేసుల ఎఫ్ఐఆర్‌లు పెట్టరు. అప్పుడు కేసుతో సంబంధమున్న వ్యక్తి కమిషనర్‌కు అర్జీ ఇవ్వొచ్చు. ముగ్గురు అధికారుల కమిటీ మూడు రోజుల్లో తేల్చాలి.

ఎఫ్ఐఆర్ దొరికితే చార్జిషీటు కూడా వెబ్‌సైట్‌లో దొరుకుతుందనుకోవద్దు. అది అందరికీ తెరిచి పెట్టే పత్రం కాదని 2023 జనవరి 20న సుప్రీంకోర్టే చెప్పింది. నిందితుడికి మాత్రం సెక్షన్ 230 కింద కోర్టు ద్వారా ఉచితంగా అందుతుంది.

ప్రశ్న: మా అన్నను మంగళవారం మధ్యాహ్నం ఇంటి ముందు నుంచి తీసుకెళ్లారు. కాగితాల్లో గురువారం పొద్దున బస్టాపు దగ్గర అరెస్టు చేసినట్టు ఉంది. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. మంగళవారమే తీసుకెళ్లారని చూపించడానికి ఏయే రికార్డులు అడగాలి?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ఈ ప్రశ్నకు కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాం. అరెస్టు రికార్డులు నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే.

అరెస్టయిన మనిషి స్టేషను, ఆసుపత్రి, కోర్టు, జైలు దాటుకుంటూ వెళతాడు. నాలుగు చోట్లా వేర్వేరు చేతులు వేర్వేరు పుస్తకాల్లో అతని పేరు, టైము రాస్తాయి. ఒక చోట టైము దిద్దినవాడు మిగతా మూడు చోట్లా దిద్దలేడు. కాబట్టి ఒక్క స్టేషన్‌నే పట్టుకుని వేలాడకండి.

స్టేషన్లో మొదటిది అరెస్టు మెమో. సెక్షన్ 36 ప్రకారం దాని మీద కనీసం ఒక సాక్షి సంతకం ఉండాలి. ఆ సాక్షి కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలో పరువున్న వ్యక్తో అయ్యుండాలి. కింద అరెస్టయిన మనిషి సంతకమూ ఉండాలి. మెమో చేతికి రాగానే మూడు గడులు చూడండి. స్థలం ఏం రాశారు? సాక్షి ఎవరు, అతని చిరునామా ఆ బస్టాపుకు ఎంత దూరం? బంధువులకు కబురు చేసిన గడిలో ఎవరి పేరు, ఏ ఫోన్ నంబరు, ఎన్ని గంటలు? మీకు గురువారం పొద్దున ఫోన్ చేసి చెప్పామని రాస్తే, మీ ఫోన్‌లో ఆ వేళకు ఆ కాల్ ఉందో లేదో మీ కాల్ లిస్టు చెబుతుంది.

రెండోది జనరల్ డైరీ. స్టేషన్లో జీడీ అంటారు. పోయే పోలీసు, వచ్చే పోలీసు, వెళ్లిన పని అన్నీ వరుస నంబర్లతో టైము ప్రకారం అందులో ఎక్కుతాయి. వరుస ఉంది కనుక మధ్యలో తర్వాత ఇరికించడం కష్టం. మంగళవారం ఉదయం 6 గంటల నుంచి గురువారం రిమాండ్ వరకు ఎంట్రీలు కావాలని రాయండి. "జీడీ నకలు ఇవ్వండి" అని ఊరికే రాస్తే ఇన్ని పేజీలు ఇవ్వలేమంటారు. కేసు డైరీని (సీడీ) మాత్రం అడగకండి. సెక్షన్ 192 కింద అది నిందితుడికే దొరకదు. జీడీ వేరు, సీడీ వేరు. ఒక అక్షరం తేడాతో అర్జీ తిరస్కారానికి గురవుతుంది.

ఆసుపత్రి సంగతి చాలామంది మరిచిపోతారు. సెక్షన్ 53 కింద అరెస్టయిన వెంటనే వైద్య పరీక్ష చేయించాలి. రిపోర్టు నకలు ఆ మనిషికో, అతను చెప్పిన మనిషికో ఇవ్వాలి. అందులో డాక్టరు చూసిన సమయం, వెంట వచ్చిన పోలీసు పేరు, దెబ్బలుంటే అవి ఎంత పాతవో ఉంటుంది. గురువారం అరెస్టయ్యాడన్న మనిషి ఒంటి మీద రెండ్రోజుల కిందటి గాయం ఉంటే ఆ ఒక్క వాక్యం చాలు.

కోర్టులో రిమాండ్ రిపోర్టు, దాని మీద మేజిస్ట్రేటు రాసిన ఉత్తర్వు. వీటికి వకీలు ద్వారా కాపీ అప్లికేషన్ వేయించండి. ఆర్టీఐ వద్దు. కోర్టు కాగితాలు కోర్టు నియమాల ప్రకారమే తీసుకోవాలని 2020 మార్చి 4న గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "పోలీసుల మీద ఫిర్యాదు ఏమైనా ఉందా" అని మేజిస్ట్రేటు అడిగినప్పుడు మీ అన్న ఏం చెప్పాడన్నది ఆ ఉత్తర్వులో ఉంటుంది. భయపడి "లేదు" అని ఉంటే దారి మూసుకుపోదు గానీ, తర్వాత ప్రతి చోటా దానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. తర్వాతి రిమాండ్ పొడిగింపు రోజునైనా చెప్పించండి.

అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా, అతనికి అర్థమయ్యే భాషలో ఇచ్చారా అన్నదీ చూసుకోండి. వెంటనే ఇవ్వలేని పరిస్థితి ఉన్నా, మేజిస్ట్రేటు ముందు పెట్టడానికి కనీసం 2 గంటల ముందు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరు 6న మిహిర్ రాజేశ్ షా కేసులో చెప్పింది. రిమాండ్ రిపోర్టులో రాశాం కదా అంటే సరిపోదు.

జైలు గేటు దగ్గర అడ్మిషన్ రిజిస్టరులో లోపలికి తీసుకున్న సమయం, గుర్తింపు మచ్చలు, ఒంటి మీది వస్తువులు రాస్తారు. జైలు డాక్టరు చూసి గాయాలుంటే నమోదు చేస్తాడు. పోలీసుల దగ్గర లేని గాయం జైలు పుస్తకంలో కనపడిన కేసులు కొత్త కాదు.

ఇక సీసీటీవీ. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు, స్టేషన్ లోపలా బయటా కెమెరాలుండాలని, ఫుటేజీ 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని చెప్పింది. కాగితం మీద ఏడాది ఉంది కదా అని ఆగకండి. తేదీలు, గంటలు, ఏ కెమెరా (గేటు, రిసెప్షన్, లాకప్ వరండా) రాసి, ఫుటేజీ భద్రపరచమని వెంటనే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. "ఆ రోజు కెమెరా పనిచేయలేదు" అన్న జవాబొస్తే, పాడైందని ఎప్పుడు, ఎవరికి రాశారో ఆ కాగితం అడగండి. అసలు కథ తరచూ అక్కడే తేలుతుంది.

పోలీసుల ఫోన్ల టవర్ వివరాలు మీకెవరూ ఇవ్వరు. సెక్షన్ 94 కింద తెప్పించమని కోర్టును కోరాలి. అదీ ఆలస్యం లేకుండా.

ప్రశ్న: మా కాలనీలో జరిగిన దొంగతనాల కేసులో ఎవరిని, ఎప్పుడు అరెస్టు చేశారో తెలపమని మా సంఘం తరఫున ఆర్టీఐ వేశాం. "దర్యాప్తులో ఉంది, వ్యక్తిగత సమాచారం" అని ఒక్క లైనులో తిప్పి పంపారు. ఏం చేయాలి?
– కాలనీ సంఘం కార్యదర్శి

జవాబు: మీ దరఖాస్తు నకలు చూశాం. అందులో మీ తప్పూ ఉంది, వాళ్ల తప్పూ ఉంది.

ఆర్టీఐ హక్కు పౌరుడిది, సంఘానిది కాదు. లెటర్‌హెడ్ మీద "సంఘం తరఫున" అని వేయకుండా మీ పేరుతో, ఇంటి చిరునామాతో వేయండి. రెండోది, "ఎందుకు ఇంత ఆలస్యం, చర్యలు ఎందుకు తీసుకోలేదు" అని అడిగారు. సమాచారం అంటే ఆఫీసులో కాగితం రూపంలో ఉన్నది. "ఎందుకు" అన్నదానికి కాగితం ఉండదు, జవాబూ ఉండదు. మూడోది, క్రైం నంబరు లేదు. ఈసారి ఇలా రాయండి:

"...... పోలీస్ స్టేషన్, క్రైం నంబరు ....../2025. ఈ కేసులో (1) అరెస్టయినవారి గురించి సెక్షన్ 37 కింద స్టేషన్లో ప్రదర్శించిన వివరాల నకలు, (2) ఒక్కో అరెస్టు తేదీ, సమయం, స్థలం, అరెస్టు చేసిన అధికారి పేరు, హోదా నమోదైన పేజీ నకలు, (3) రిమాండ్ తేదీ, ఏ కోర్టు, (4) చార్జిషీటు వేసి ఉంటే తేదీ, కోర్టు కేసు (సీసీ) నంబరు. ఇవ్వకూడని భాగాలుంటే ఆర్టీఐ చట్టం సెక్షన్ 10 ప్రకారం వాటిని కొట్టేసి మిగతాది ఇవ్వగలరు."

చివరి వాక్యం వదిలేయకండి. పేజీలో సాక్షి పేరుందని పేజీ మొత్తం ఆపకుండా చేసేది అదే.

రుసుము పది రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపుగానో, పోస్టల్ ఆర్డర్‌గానో ఇవ్వొచ్చు. తెల్ల రేషన్‌కార్డు ఉన్నవారికి అక్కర్లేదు, కార్డు నకలు జతచేస్తే చాలు. ఏ ఫోర్ పేజీకి రెండు రూపాయలు. చిరునామాలో "పౌర సమాచార అధికారి" అని హోదా రాయండి, మనిషి పేరు రాయకండి. బదిలీ అయితే కవరు ఆయన వెంట తిరుగుతుంది. గడువు 30 రోజులు. వేరే ఆఫీసుకు చెందినదైతే 5 రోజుల్లో వాళ్లే పంపాలి. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. అయితే దొంగతనం కేసు మీద ఆ మాట రాస్తే ఎవరూ పట్టించుకోరు.

ఇక వాళ్ల తప్పు. దర్యాప్తులో ఉందన్న ఒక్క మాటతో ఆర్టీఐ 8(1)(హెచ్) కింద ఆపడం కుదరదు. ఇది చెబితే దర్యాప్తు ఎలా చెడిపోతుందో అధికారి కారణం చూపాలి. భగత్‌సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2007లో చెప్పింది ఇదే. అప్పీల్లో ఈ తీర్పు ప్రస్తావించండి. పైగా పేరు, చిరునామా, నేరం స్టేషన్లో పెట్టమని చట్టమే అంటుంటే అవే వివరాలు రహస్యమెలా అవుతాయి?

వ్యక్తిగత సమాచారం అన్న అభ్యంతరం మాత్రం ఇప్పుడు గట్టిపడింది. డేటా రక్షణ చట్టం ద్వారా ఆర్టీఐ 8(1)(జె)ని మార్చారు. 2025 నవంబరు నుంచి అది అమల్లో ఉంది. ప్రజాప్రయోజనముంటే ఇవ్వొచ్చన్న వెసులుబాటు ఆ క్లాజులోంచి పోయింది. ఆర్టీఐ 8(2)లో మిగిలే ఉంది. కాబట్టి అప్పీల్లో 8(2) పేరెత్తి, ఎవరికి ఏం ప్రయోజనమో రెండు వాక్యాల్లో రాయండి. నిందితుల వేలిముద్రలు, ఆరోగ్యం, కుటుంబ వివరాలు అడగొద్దు. రావు. అడిగినందుకు మిగతాదీ ఆపుతారు.

మొదటి అప్పీలు జవాబు అందిన 30 రోజుల్లో, అదే శాఖలో పై అధికారికి. అక్కడా కుదరకపోతే 90 రోజుల్లో మొజంజాహీ మార్కెట్ దగ్గరున్న సమాచార హక్కు భవన్‌లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు. అక్కడ కేసు పిలుపు రావడానికి ఓపిక కావాలి. అందుకే మొదటి అప్పీలునే జాగ్రత్తగా రాయమనేది.

ప్రశ్న: రిమాండ్ అయిందని తెలిసింది. చంచల్‌గూడలో ఉన్నాడా, చర్లపల్లిలోనా? ఎన్ని రోజులున్నాడన్న సర్టిఫికెట్ ఎవరిస్తారు?
– పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: రిమాండ్ వారెంటు మీద జైలు పేరు ఉంటుంది. మేజిస్ట్రేటు కోర్టు బెంచ్ క్లర్కు దగ్గర కనుక్కోవచ్చు. ఆడవాళ్లయితే చంచల్‌గూడలోని మహిళా ప్రత్యేక కారాగారం. పద్దెనిమిదేళ్లు నిండనివాడైతే జైలుకే పంపకూడదు. వయసు తప్పు పడిందనిపిస్తే పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకుని వెంటనే వకీలును కలవండి.

జైలుకు వెళ్లేటప్పుడు పేరొక్కటే చాలదు. ఒకే పేరుతో, ఒకే ఇంటిపేరుతో లోపల చాలామంది ఉంటారు. తండ్రి పేరు, వయసు, స్టేషను, క్రైం నంబరు, రిమాండ్ తేదీ కాగితం మీద రాసుకెళ్లండి. విచారణ ఖైదీకిచ్చే యూటీ నంబరు అక్కడ చెబుతారు. ఆ తర్వాత ములాఖత్‌కైనా, మనియార్డరుకైనా ఆ నంబరే పేరు. ఆధార్ ఒరిజినల్ దగ్గరుంచుకోండి. ఆన్‌లైన్లో జాతీయ ప్రిజన్స్ పోర్టల్‌లోని ఈ-ములాఖత్‌లో ముందే సమయం అడగొచ్చు. రిమాండ్ అయిన రాత్రే పేరు ఆన్‌లైన్లో లేదని కంగారుపడకండి. లోపలికి తీసుకున్నాకే నమోదు చేస్తారు.

కస్టడీ సర్టిఫికెట్ జైలు సూపరింటెండెంట్ ఇస్తారు. ఖైదీ లోపలి నుంచి అడగడమే సులువు. లేదా వకీలు అర్జీతో, లేదా కోర్టు తెప్పించుకుంటుంది. ఒకటికి మించి కేసులుంటే ఏ కేసులో ఎప్పటి నుంచి ఎప్పటి వరకో విడిగా వేయమని చెప్పండి. పీటీ వారెంటు (జైల్లో ఉన్నవాణ్ణి ఇంకో కేసులో హాజరుపరచమనే ఉత్తర్వు) మీద రెండో కేసులోకి తెచ్చిన తేదీ కలగాపులగమైతే రోజుల లెక్క తప్పుతుంది. ఈ లెక్క దేనికంటే, జీవిత ఖైదు, మరణశిక్ష పడే నేరాలు కానప్పుడు, గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే సెక్షన్ 479 కింద విడుదల కోరవచ్చు. ఇంకో కేసు పెండింగ్‌లో ఉంటే ఈ సెక్షన్ వర్తించదు. కోర్టుకు రాయాల్సిన బాధ్యత సూపరింటెండెంట్‌దే. అయినా గుర్తుచేయాల్సింది ఇంట్లోవాళ్లే.

బెయిలు వచ్చి వారమైనా బయటికి రాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలన్నది 2023 జనవరి 31 నాటి సుప్రీంకోర్టు ఆదేశం. పూచీకత్తు కట్టలేక ఉండిపోయినవారికి ఇది పనికొస్తుంది.

ప్రశ్న: పెళ్లి సంబంధం చూస్తున్నాం. అబ్బాయి ఎప్పుడైనా అరెస్టయ్యాడేమో స్టేషన్లో కనుక్కోవచ్చా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: స్టేషన్లో చెప్పరు, చెప్పకూడదు కూడా. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని పార్టీ పేరుతో వెతకొచ్చు. పేరు ఇంగ్లిషు స్పెల్లింగు రెండు మూడు రకాలుగా వేయండి. అదే పేరున్న వేరే మనిషి కేసు చూసి సంబంధం వదులుకోకండి. తండ్రి పేరు కలిసిందా చూడాలి. చార్జిషీటు పడని కేసులు సరిగా కనపడకపోవచ్చు. అన్నిటికన్నా తేలిక, పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ తీసుకురమ్మని అబ్బాయినే అడగడం. మొహమాటమే అడ్డైతే మధ్యవర్తి ఉన్నది దేనికి?

ప్రశ్న: నా మీద అరెస్టు వారెంటు ఉందంటూ వాట్సాప్‌లో సీలుతో సహా పంపారు. వీడియో కాల్ కట్ చేయొద్దంటున్నారు. నిజమో కాదో ఎక్కడ చూడాలి?
– విశ్రాంత ఉద్యోగి

జవాబు: ఫోన్ కట్ చేయండి. డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు. నోటీసునైనా వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, డాలస్ దగ్గర ఉంటాడు. అరెస్టు చేశారని రూమ్మేట్ చెప్పాడు. అక్కడి రికార్డు ఇక్కణ్ణుంచి చూడగలమా?
– తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఈ విషయంలో అక్కడి పద్ధతి మనకు తలకిందులు. జైల్లోకి తీసుకునేటప్పుడు ఫొటో, వేలిముద్రలు తీసి బుకింగ్ నంబరు ఇస్తారు. చాలా కౌంటీల (మన జిల్లాల్లాంటివి) షెరిఫ్ వెబ్‌సైట్‌లో ఖైదీల జాబితా అందరికీ కనపడుతుంది: పేరు, అభియోగం, బాండు మొత్తం. ముందు కౌంటీ తెలుసుకోండి. డాలస్ అన్నంత మాత్రాన డాలస్ కౌంటీయే కానక్కర్లేదు. ప్లేనో కాలిన్ కౌంటీ, ఫ్రిస్కో కాలిన్‌లోనూ డెంటన్‌లోనూ ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో అలాగే వెతకండి, తర్వాత ముందువెనకలు మార్చి చూడండి. మన పేర్ల దగ్గర అక్కడి క్లర్కులు తికమకపడడం మామూలే. నగర పోలీసుల లాకప్‌లో ఉన్నంతసేపు కౌంటీ జాబితాలో పేరు రాకపోవచ్చు. అప్పుడు నగర పోలీసులకు ఫోన్ చేయాలి.

కౌంటీలో లేడని, వీసా సమస్య ఉందని అనుమానముంటే అక్కడి వలస నియంత్రణ విభాగం ఐస్ (ఐసీఈ) డిటెన్షన్ వెతికే పేజీలో ఏ-నంబరు (వలస విభాగం ఇచ్చే నంబరు), పుట్టిన దేశంతో చూడండి. అరెస్టు కాగితం కావాలంటే టెక్సస్ ప్రజా సమాచార చట్టం కింద ఆ పోలీసు శాఖకు రాతపూర్వకంగా అడగాలి. అరెస్టు గురించిన ప్రాథమిక వివరాలను అక్కడ దాచడానికి వీల్లేదు. శాఖ ఏదైనా ఆపాలనుకుంటే 10 పనిదినాల్లో అటార్నీ జనరల్ అభిప్రాయం కోరాలి. ఫోయా (అమెరికా కేంద్ర సమాచార చట్టం) అని రాయకండి. అది కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకే, కౌంటీకి వర్తించదు. వర్జీనియా, టెనెసీ లాంటి రాష్ట్రాలు తమ రాష్ట్ర వాసులకే రికార్డులిస్తాయి. అక్కడైతే స్నేహితుడి చేత వేయించాలి.

అరెస్టయిన విదేశీయుడి కాన్సులేట్‌కు తప్పనిసరిగా చెప్పాల్సిన దేశాల జాబితాలో భారత్ లేదు. అబ్బాయి కోరితేనే చెబుతారు. కాబట్టి ఫోన్ చేసినప్పుడు "కాన్సులేట్‌కు తెలపండి" అని అడగమనండి. టెక్సస్‌కు హ్యూస్టన్ కాన్సులేట్. జైలు ఫోన్లు రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడినా సరే, కేసు సంగతులు అందులో వద్దు. బెయిలు డబ్బు గిఫ్ట్ కార్డుల్లో పంపమన్నవాడు పోలీసూ కాదు, వకీలూ కాదు.

ప్రశ్న: కేసు కొట్టేశారు. స్టేషన్లో నా ఫొటో, వేలిముద్రలు ఇంకా ఉంటాయా?
– పాఠకుడు, ఉప్పల్

జవాబు: 2022 నాటి గుర్తింపు చట్టం కింద తీసుకున్న ఫొటో, వేలిముద్రల్లాంటి కొలతలు 75 ఏళ్లు ఉంచుతారు. గతంలో శిక్ష పడనివారు నిర్దోషిగా బయటపడి, అప్పీళ్ల దారులన్నీ ముగిస్తే, కోర్టు వేరేగా చెప్పకపోతే వాటిని చెరిపేయాలి. తీర్పు సర్టిఫైడ్ కాపీ, అప్పీలు పెండింగ్‌లో లేదన్న ఆధారం జతచేసి కమిషనర్ కార్యాలయానికి అర్జీ పెట్టండి. అందినట్టు ముద్ర వేయించుకోండి. రౌడీషీటు తెరిచి ఉంటే దాని సంగతి వేరు. కేసు పోయినంత మాత్రాన అది దానంతటది మూసుకోదు. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ 601 కింద తెరిచిన షీటును మూసేయమని విడిగా అర్జీ పెట్టాలి, వినకపోతే హైకోర్టుకు వెళ్లాలి.